లారీని ఎవరూ తిరగేయరు

మా తమ్ముడి సైకిల్ ఇప్పటికీ పెనుకొండలో నాయన ఇంటి వసారాలో ఉంది. నాయన పోయాక ఇల్లు సర్దుతూ చాలా వస్తువులు ఎవరెవరికో ఇచ్చేశాం. సైకిల్‌ను ఎవరూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు. దాని ముందు చక్రం కింద ఒక చెక్క మొద్దు ఉంటుంది. చూసినవాళ్లు సైకిల్ జారకుండా పెట్టారనుకుంటారు. అది నిజమే కానీ, ఆ మొద్దు సైకిల్ కంటే చాలా పాతది.

తమ్ముడు బెంగళూరులో ఉద్యోగంలో చేరిన రెండేళ్లకో మూడేళ్లకో ఆ సైకిల్ కొన్నాడు. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. అక్కడ ఎవరో వాడి అమ్మేసినది. కొండలూ గుట్టలూ ఎక్కి దిగడానికి చేసిన సైకిల్. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఆ బ్రేకులకు తీగలు లేవు. హ్యాండిల్ మీది లివరు నొక్కితే సన్నటి గొట్టంలోని ఆయిల్ చక్రం దాకా ఒత్తిడిని తీసుకుపోయి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. వాడు దాన్ని ప్యాసింజర్ రైల్లో హిందూపురం తెచ్చాడు. నేను అప్పటికి హిందూపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఆ శుక్రవారం సాయంత్రం ఇద్దరం కలిసి పెనుకొండ వెళ్లాం.

నాయన సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"దీనికి ఆయిల్ బ్రేకా?"

"అవ్ నాయనా. కారుకున్నట్లే."

నాయన ముందు బ్రేకు లివరు నొక్కాడు. అది ఏ అడ్డూ లేకుండా మెల్లగా వచ్చి హ్యాండిల్ రబ్బరుకు తగిలింది. వదిలి మళ్లీ నొక్కాడు. వెనకది నొక్కాడు. అదీ దాదాపు అంతే.

"మెత్తగుండాది."

"రవ్వంత అంతే. పట్టుకుంటాది."

"యాడ పట్టుకుంటాది? వేళ్లు నలుగుతాండాయి సూడు."

"ఆదివారం మన ఊరి కొండ మీద నుంచి కిందికి కాలు కింద పెట్టకుండా దిగుతా. నువ్వే సూద్దువు."

"నేను చూసిండేది చాల్లే" అన్నాడు నాయన. అని లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిచే దాకా లేవలేదు.

తమ్ముడికి అది ముసలాయన సణుగుడు అనిపించి ఉండవచ్చు. నాకు మాత్రం ఆయన ఏం చూశాడో తెలుసు. తొంభైల్లో నాయన లారీ తోలేవాడు. ధర్మవరం, హిందూపురం మధ్య ఏ సరుకు దొరికితే ఆ సరుకు. నల్లమాడ వైపు నుంచి వేరుశనగ బస్తాలతో వస్తున్న ఒక మధ్యాహ్నం, పెనుకొండకు ఇవతల దిగుడులో బ్రేకు పెడలు మెత్తబడింది. గబగబా తొక్కితే మళ్లీ గట్టిపడింది. సరేలే అని ముందుకు పోయాడు. తర్వాతి మలుపులో తొక్కితే పెడలు నేలకు అంటుకుంది. మళ్లీ లేవలేదు.

ఆ రోజుల్లో ప్రతి లారీలో క్లీనరు కాళ్ల దగ్గర ఒక చెక్క మొద్దు ఉండేది. ఏటవాలులో బండి ఆగితే క్లీనరు దూకి దాన్ని చక్రం కింద పెట్టాలి. ఆ రోజు నాయన గేరు తగ్గించి, రోడ్డు పక్క మట్టిగట్టుకు బండిని ఒరిపిస్తూ వేగం తగ్గించాడు. క్లీనరు మొద్దు పట్టుకొని దూకి, పరుగెత్తి, దాన్ని చక్రం ముందుకు తోశాడు. లారీ ఆగింది. ఆగే ముందు అతని పాదం మీదికి ఎక్కింది.

ఈ సంగతి నాయన ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. ప్రమాదం గురించి తక్కువ చెప్పి, మొదటిసారి మెత్తబడి మళ్లీ గట్టిపడిన పెడలు గురించే చెప్పాడు. "ఆడనే ఆపాల్సింది" అన్నాడు. అప్పుడు తమ్ముడు చిన్నవాడు. వాడికి గుర్తుందో లేదో నాకు తెలియదు.

ఆ క్లీనరు తర్వాత హిందూపురంలో మోటారు సైకిళ్ల మెకానిక్ అయ్యాడు. అతన్ని మేం చిన్నాయనా అనేవాళ్లం. మతం వేరు, చుట్టరికం లేదు. రంజాన్‌కు వాళ్ల ఇంటి నుంచి సేమ్యా మాకు వచ్చేది, ఉగాదికి మా ఇంటి ఓళిగలు, అదే బొబ్బట్లు, వాళ్లకు పోయేవి. శనివారం పొద్దున నాయన సైకిల్‌ను బస్సు మీదికి ఎక్కించి మమ్మల్ని అతని దగ్గరికే తీసుకుపోయాడు. "వాడు చూసి సరే అంటేనే కొండ. లేకుంటే లేదు" అన్నాడు తమ్ముడితో. తమ్ముడు ఒప్పుకున్నాడు. వాడి వయసు ఇరవై ఆరు, నాయన మాట కాదని కొండ ఎక్కగలడు. కానీ ఆయన మంచం మీద కూర్చున్న తీరు వాడూ చూశాడు.

మెకానిక్ తన షాపు ముందు నలిగిన కాలు పక్కకు చాపుకొని కూర్చొని ఉన్నాడు. సైకిల్‌ను చూడగానే నవ్వాడు.

"ఏమప్పా ఇంజినీరూ, ఇంజను బెంగళూరులోనే మర్సిపోయి వచ్చినట్లుండావే."

"ఇంజను నేనే చిన్నాయనా."

"అట్లయితే ముందు నీకు సర్వీసు చేయల్ల."

లివరు నొక్కి చూడగానే అతని నవ్వు పోయింది. నాయన ముఖం వంక చూశాడు. "గాలి పట్టిండాది" అన్నాడు. ఆయిల్ గొట్టంలోకి గాలి చేరితే లివరు మెత్తబడుతుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. నొక్కిన బలమంతా గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. ఆ గాలిని బయటికి తీయాలి.

అతను చెయ్యి చాపి లారీలకు పోసే బ్రేకు ఆయిల్ డబ్బా అందుకున్నాడు. తమ్ముడు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అది పోయద్దు. దీంట్లో వేరే ఆయిల్ ఉండాది. అది పోస్తే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి."

"బ్రేకు ఆయిల్లో గూడా కులాలుండాయేమప్పా?"

"ఉండాయి. నేను తెచ్చినా."

సంచిలోంచి వాడు తీసిన సీసా దగ్గు మందు సీసా అంత ఉంది.

"ఇంతేనా? రెండు చక్రాలకూ?"

"ఇంతే దొరికింది."

పక్కనున్న మందుల షాపు నుంచి నేను ఒక సిరంజి, సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం కొనుక్కొచ్చాను. నాయన స్టూలు మీద కూర్చొని లివరు పట్టుకున్నాడు. మెకానిక్ కింద చక్రం దగ్గర స్పానర్ పట్టుకున్నాడు. ఆ తర్వాత కాసేపు వాళ్లిద్దరి మాటలు తప్ప ఏమీ వినిపించలేదు.

"కొట్టు."

"కొట్టినా."

"పట్టు."

నాయన లివరును నాలుగైదుసార్లు కొట్టి, నొక్కి పట్టుకుంటాడు. మెకానిక్ కింద బ్రేకుకున్న చిన్న మరను, నిపిల్‌ను, వదులు చేస్తాడు. దానికి తగిలించిన సెలైన్ గొట్టంలోకి ఆయిల్ వస్తుంది, మధ్యమధ్య బుడగలతో. వెంటనే బిగిస్తాడు. "వదులు" అంటాడు. నాయన వదులుతాడు. లివరు పక్కన అగ్గిపెట్టె అంత ఆయిల్ డబ్బా ఉంది. దానిలో మట్టం తగ్గకుండా తమ్ముడు సిరంజితో పోస్తుంటాడు. బిగించక ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఒక్కసారి కూడా నాయన ముందుగా వదల్లేదు. లారీ దగ్గర ఎన్నేళ్లు ఇట్లా చేశారో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పని జరిగిపోయింది.

ముందు బ్రేకు గట్టిపడింది. వెనక గొట్టం పొడుగు, బుడగలు ఎక్కువ. బుడగలు ఆగే సమయానికి సీసా ఖాళీ అయింది. రెండు లివర్ల దగ్గరా చిన్న డబ్బాల్లో ఆయిల్ అంచుకు రవ్వంత కిందనే ఉండిపోయింది.

"సీసా మీద నిండా పోయల్లని రాసిండారు చిన్నాయనా" అన్నాడు తమ్ముడు.

"లారీ డబ్బాలో నిండా పోస్తామా? పైన ఖాళీ ఉండాల్నే. వేడికి పొంగుతాది."

"ఉండాల" అన్నాడు నాయన.

ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఇద్దరు అనుభవం ఉన్నవాళ్లు ఒకే మాట చెప్పారు. లివరు నొక్కితే రాయిలా ఉంది. నాయన రెండు చేతులతో, పళ్లు బిగించి నొక్కాడు. కదల్లేదు. మెకానిక్ మూతలు బిగించాడు. తమ్ముడు ఖాళీ సీసాను సంచిలో వేసుకున్నాడు. నాకూ అనుమానం రాలేదు.

బయలుదేరేటప్పుడు మెకానిక్ బల్ల కిందికి వంగి ఒక చెక్క మొద్దు లాగాడు. లారీ నాటిది, ఒక మూల పగిలి, ఆయిల్ తాగి నల్లగా ఉంది.

"అన్నా, ఇది తీస్కపో."

"సైకిల్‌కా?" అని తమ్ముడు పగలబడి నవ్వాడు. "దీన్ని నా తలకాయ కింద పెట్టుకోవల్లనా?"

మెకానిక్ కూడా నవ్వాడు. నాయన మాత్రం మొద్దును తీసుకొని సంచిలో వేసుకున్నాడు.

ఆదివారం ఎండ రాకముందే కొండ ఎక్కడం మొదలుపెట్టాం. ఇంటి ముందు నాయన రెండు లివర్లూ నొక్కి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. తమ్ముడు సైకిల్ తోసుకుంటూ ముందు, వెనక నాయన, ఆ వెనక సంచి మోస్తూ నేను. సంచిలో నీళ్ల సీసా, బొరుగుల ఉగ్గాని డబ్బా, మొద్దు. దారి పొడుగునా మొద్దు నా మోకాలికి తగులుతూనే ఉంది. దారి ఎక్కడ ఇరుకుగా ఉందో, ఎక్కడ రాళ్లు లేచి ఉన్నాయో నాయన ఆగి ఆగి చూస్తున్నాడు. ఒక మలుపులో ఒక పక్క పాత కోటగోడ రాళ్లు, ఇంకో పక్క ఏమీ లేదు. అక్కడ ఆయన కాసేపు నిలబడ్డాడు.

"ఈడ మాత్రం దిగి నడువు అబ్బీ."

"సరే సరే."

పైకి చేరేసరికి ముందు చక్రంలో గాలి లేదు. తుమ్మ ముల్లు. తమ్ముడు నవ్వుతూనే తిట్టుకున్నాడు. పంక్చరు సామాను వాడి దగ్గరే ఉంది. సైకిల్‌ను ఎత్తి తలకిందులు చేసి, సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టాడు. మా ప్రాంతంలో పంక్చరు అంటే మొదట చేసే పని అదే. ఏ షాపులో చూసినా, ఎవరు చేసినా సైకిల్‌ను తిరగేస్తారు. మేం ముగ్గురం దాన్ని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం. నేను ఉగ్గాని డబ్బా తీశాను. సొల్యూషన్ ఆరే దాకా వాడు డబ్బాలోంచే తిన్నాడు. ప్యాచీ అంటించి, గాలి కొట్టి, సైకిల్‌ను నిలబెట్టి ఎక్కాడు.

"ఆగు" అన్నాడు నాయన. వచ్చి సీటు వెనక పట్టుకున్నాడు.

"ఏంది నాయనా ఇది?"

"నాలుగడుగులు పట్టుకొని వస్తా. ఆ పైన నీ ఇష్టం."

"నేనేమన్నా చిన్నపిల్లోడినా? ఎవరన్నా చూస్తే ఏమంటారు?"

"ఈడ చూసేదానికి మీ అక్క తప్ప యెవరుండారు? పోనీ."

వాడు విసుగ్గా నా వైపు చూసి, కాళ్లు పెడళ్ల మీద పెట్టాడు. సైకిల్ కదిలింది. నాయన పక్కన నడుస్తున్నాడు. నేను సంచితో వాళ్లకు కొంచెం ముందు, దారి పక్కన ఉన్నాను. నడక కాస్త వేగమైంది. తమ్ముడు లివరు నొక్కడం చూశాను. వాడి వేళ్లు హ్యాండిల్‌కు అంటుకున్నాయి. సైకిల్ ఆగలేదు.

"నాయనా, బ్రేకు లేదు."

పెద్దగా అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు. నాకు భయం వేసింది ఆ గొంతుకే. నాయన సీటును రెండు చేతులా పట్టుకొని వెనక్కి వాలాడు. కింద గులకరాళ్లు. ఆయన చెప్పు ఒకటి ఊడిపోయింది. మడమలు జారుతున్నాయి. సైకిల్ ఇద్దరినీ లాక్కుపోతోంది. నాయన నా వైపు చూసి అరిచాడు.

"మొద్దు! మొద్దు పెట్టు!"

సంచిలో చెయ్యి పెడితే మొదట నీళ్ల సీసా వచ్చింది. దాన్ని పారేసి మొద్దు పట్టుకున్నాను. చక్రం నా ముందుకు వస్తోంది. వంగి, మొద్దును దారికి అడ్డంగా తోసి చెయ్యి లాక్కున్నాను. చక్రం దానికి కొట్టుకొని ఆగింది. వెనక చక్రం లేచింది. తమ్ముడు పక్కనున్న కంపలో పడ్డాడు. నాయన మోకాళ్ల మీద పడ్డాడు. సీటు మాత్రం వదల్లేదు.

ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. తమ్ముడి మోచెయ్యి గీరుకుపోయింది. వాడు లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా, పడిన సైకిల్‌ను ఎత్తి నిలబెట్టి లివరు నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. నొక్కేకొద్దీ లివరు గట్టిపడింది. చివరికి ముందు రోజు షాపులో ఉన్నంత గట్టిగా అయింది.

"నాయనా, ఇప్పుడు గట్టిగుండాది సూడు."

నాయన చూడలేదు. మోకాలి మీది రాళ్లు తీసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి అడిగాడు.

"పొద్దున ఇంటికాడ గట్టిగానే ఉండె. ఈడికొచ్చినాక లేదు. నడుమ ఏం చేసినాం?"

తోసుకుంటూ వచ్చాం. నీళ్లు తాగాం. పంక్చరు వేశాం. ముగ్గురం ఒక్కొక్కటే చెప్పుకున్నాం. పంక్చరు దగ్గర నాయన ఆగాడు.

"మళ్లా తిరగెయ్."

తమ్ముడు తిరగేశాడు. కొంచెం సేపు అట్లాగే ఉంచి నిలబెట్టి లివరు నొక్కాడు. మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చింది. వెనకదీ అంతే. మళ్లీ మళ్లీ నొక్కితే రెండూ గట్టిపడ్డాయి.

లివరు పక్కన చిన్న డబ్బాలో మేం వదిలిన రవ్వంత ఖాళీలో గాలి ఉంది. సైకిల్ నిలబడి ఉన్నంతసేపు ఆ గాలి పైన తన మానాన తాను ఉంటుంది. తిరగేస్తే ఆయిల్ మూత వైపు జారి, గాలి గొట్టం వైపు ఎక్కుతుంది. నిలబెట్టి మళ్లీ మళ్లీ నొక్కితే ఆ గాలి తిరిగి డబ్బాలోకి పోతుంది. లారీ డబ్బాలోనూ ఆ ఖాళీ ఉంటుంది. ఉండాలి కూడా. మెకానిక్ చెప్పిందీ, నాయన ఔనన్నదీ అబద్ధం కాదు.

"లారీని ఎవరు తిరగేస్తారు?" అన్నాడు నాయన. నవ్వబోయి ఆగిపోయాడు.

తమ్ముడికి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"తెలిసిపోయింది గదా. తిరగెయ్యకుంటే చాలు. ఇప్పుడు గట్టిగుండాది, నువ్వే నొక్కి సూడు. నేను మెల్లగా దిగుతా."

వాడు అప్పుడే హ్యాండిల్ పట్టుకొని కాలు వేస్తున్నాడు. నాయన లేచి అడ్డం పోతాడనుకున్నాను. పోలేదు. కూర్చున్న చోటు నుంచే అన్నాడు.

"ఆ పొద్దు గూడా గట్టిగానే అయింది అబ్బీ."

తమ్ముడు వెనక్కి తిరిగి ఆయన్ను చూశాడు. ఏ పొద్దు అని అడగలేదు. వాడికీ గుర్తుందన్నమాట. కింద ఊరి ఇళ్లు, రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. వాడు ఇంత దూరం తెచ్చుకున్నది ఈ దిగుడు కోసమే. చాలాసేపు లివరును నొక్కుతూ, వదులుతూ నిలబడ్డాడు. ప్రతిసారీ అది గట్టిగానే ఉంది. మెత్తగా ఉండి ఉంటే నిర్ణయం సులభంగా ఉండేది.

కాలు దించాడు. "పదండి" అన్నాడు. ఊడిపోయిన చెప్పు వెతికి తెచ్చి నాయన ముందు పెట్టాడు.

నడిచే దిగాం. సైకిల్‌ను తమ్ముడు ఒక పక్క, నాయన ఒక పక్క పట్టుకున్నారు. నేను మొద్దు చేతిలోనే పట్టుకొని ముందు నడిచాను. కోటగోడ మలుపు దాటాక గానీ దాన్ని సంచిలో వేయలేదు.

మెకానిక్‌కు ఈ సంగతి చెప్పాం. అతను తన పాదం వైపు చూసుకొని, "మొద్దు పనికొచ్చిందా?" అని మాత్రం అడిగాడు. తమ్ముడు బెంగళూరు నుంచి ఇంకో సీసా తెచ్చాక, చిన్న డబ్బాలను ఆయిల్ పొర్లేదాకా నింపి, గాలికి చోటు లేకుండా మూత పెట్టారు. ఆ తర్వాత నాయన సైకిల్‌ను తిరగేయించి, షాపు ముందు మేం టీ తాగినంతసేపు అట్లాగే ఉంచాడు. నిలబెట్టగానే ఆయనే నొక్కాడు. గట్టిగా ఉంది. మర్నాడు ఆదివారం తమ్ముడు కొండ దిగాడు. కోటగోడ మలుపులో నడిచాడో లేదో వాడు చెప్పలేదు. నాయన అక్కడే మొద్దు పట్టుకొని నిలబడి ఉన్నాడు కాబట్టి, నడిచే ఉంటాడు.

తర్వాత వాడు పెళ్లి చేసుకొని బెంగళూరులోనే ఉండిపోయాడు. సైకిల్ నాయన దగ్గర మిగిలింది. నాయన దాన్ని ఎప్పుడూ తొక్కలేదు. కానీ ప్రతి ఏడూ ఆయుధపూజకు హిందూపురం తీసుకుపోయి, మెకానిక్ చేత ఆయిల్ చూపించేవాడు. కడిగి, కుంకుమ పెట్టే ముందు తిరగేసి, నిలబెట్టి, నొక్కేవాడు. ఆయన పూజలో అది ఒక భాగమైంది.

నాయన జబ్బుతో, ఇంట్లోనే, మా ఇద్దరి ముందే పోయాడు. పెద్దకర్మ రోజు షామియానా వేయడానికి, వంటకు ఇంటి ముందంతా ఖాళీ చేశారు. నేను లోపలి నుంచి వచ్చేసరికి సైకిల్ గోడ పక్కన తలకిందులుగా ఉంది. చోటు కలిసివస్తుందని ఎవరో తిరగేశారు. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో తెలియదు. తమ్ముడు దాని ముందు నిలబడి ఉన్నాడు. కొత్త పంచె, గుండు. చుట్టూ జనం మాట్లాడుకుంటున్నారు.

వాడు సైకిల్‌ను నిలబెట్టాడు. లివరు మీద చెయ్యి వేయబోయి తీసేశాడు.

"నువ్వు నొక్కక్కా."

నేను ముందుది నొక్కాను. కొంచెం కదిలి ఆగిపోయింది. వెనకది నొక్కాను.

"గట్టిగుండాది" అన్నాను. "రెండూ."

వాడు తల ఊపి, చుట్టూ చూశాడు. మొద్దు వసారాలో లేదు. వంటవాళ్ల దగ్గరికి పోయి, పొయ్యి పక్కన పోసిన కట్టెలను ఒక్కొక్కటే పక్కకు తీయడం మొదలుపెట్టాడు. వంటాయన ఏందప్పా అంటున్నా పలకలేదు. అడుగున దొరికింది. పంచె అంచుతో దాన్ని తుడుచుకుంటూ తెచ్చి, ముందు చక్రం కింద పెట్టాడు.